గోడ లోపలి వాన

ఆ ఊళ్ళో ఆమెని అందరూ చినుకమ్మ అనేవాళ్ళు. వాన పడని ఊళ్ళో వాన కొలిచే మనిషికి ఇంతకంటే మంచి పేరు పెట్టడం ఎవరి తరమూ కాదు. మొదట ఎవరో వెక్కిరింతకి అన్నారు, తర్వాత ముద్దుగా అన్నారు, చివరికి అసలు పేరు మర్చిపోయి అదే ఖాయం చేసేశారు. ఆమె కూడా పలకడం అలవాటు చేసుకుంది. యాభై ఒక్క ఏళ్ళొచ్చాక పేరు కోసం ఊరి మీద అలిగితే ఏం బావుంటుంది?

ఆమె పని చూడ్డానికి మహా తేలిక. ఊరి చివర ఎత్తయిన ప్రహరీ గోడ, దాని లోపల రెండు గదుల డాబా, ఖాళీ నేల మధ్యలో నడుమెత్తున ఓ వానమాపకం. పైన గరాటు, లోపల సీసా. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి మూత తీసి, సీసాలో నీళ్ళు కొలత గ్లాసులో పోసి, గ్లాసుని కంటికి సమంగా పట్టుకుని, నీళ్ళు ఎన్ని మిల్లీమీటర్ల గీత దగ్గర ఆగాయో చూసి రిజిస్టర్లో రాయాలి. నెలకోసారి ఆ అంకెలన్నీ ఓ కార్డు మీదకి ఎక్కించి పెద్దాఫీసుకి పంపాలి. సీసా ఎండిపోయి ఉన్నా సరే, మూత తియ్యాల్సిందే, గ్లాసు పట్టుకోవాల్సిందే, అప్పుడే సున్నా రాయాలి. చూడకుండా రాసిన సున్నా దొంగ సున్నా అనేవాడు ఆమె తండ్రి. నలభై ఏళ్ళకి పైగా ఆయన చేసిన పనే ఇది. ఆయనకి చూపు పోయాక ఆమె చేతికి వచ్చింది.

ఆమె ఆ ఆవరణ దాటి ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా సాయంత్రానికి తిరిగొచ్చేది. ‘రేపు పొద్దున్న వాన పడితేనో?’ అనేది. విన్నవాళ్ళు నవ్వాపుకోలేక కొంగులు అడ్డం పెట్టుకునేవాళ్ళు. నవ్వితే నవ్వారు గానీ, ఆమె అన్నది హాస్యానికి కాదు. వాన కోసం ఆమె కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. పద్దెనిమిదేళ్ళ వయసులో మొదలైన ఎదురుచూపు అది.

అంతకుముందు ఆ ఊళ్ళో వానలుండేవి. ఆ సంగతి ఇప్పుడు చెబితే పిల్లలు నమ్మరు. ఆమె చిన్నప్పుడు తండ్రి గ్లాసు ఎత్తి గీత చూసి, అంకె రాసి, ఆ తర్వాత చూపుడువేలు నీళ్ళలో ముంచి నాలుక మీద రాసుకునేవాడు. ఆమె నాలుక మీద కూడా ఓ చుక్క వేసేవాడు.

“ఎలా ఉందమ్మా?”

“ఏ రుచీ లేదు నాన్నా. చప్పగా ఉంది.”

“అదే వాన రుచి,” అనేవాడు ఆయన, ఏదో గొప్ప రహస్యం అప్పగించినట్టు. ఆఫీసు వాళ్ళ నియమాల పుస్తకంలో నీళ్ళలో వేలు పెట్టమని లేదు, పెట్టొద్దనీ లేదు. అందుకని ఆయన అంకె రాశాకే వేలు పెట్టేవాడు. నియమం నియమమే, ముచ్చట ముచ్చటే.

ఆమెకి పద్దెనిమిదేళ్ళు నిండిన ఏడాది వానలు తగ్గాయి. మరుసటేడు ఇంకా తగ్గాయి. ఆ తర్వాత ముప్ఫై మూడేళ్ళు వాన ఆ ఊరి ముఖం చూసీచూడనట్టు పోవడమే తప్ప కూర్చున్నది లేదు.

ఇలా ఉండగా ఒకనాడు మధ్యాహ్నం బస్సు దిగి ఒకామె వచ్చింది. ముప్ఫై నాలుగు, ముప్ఫై అయిదేళ్ళుంటాయి. భుజాన పెద్ద సంచీ, చేతిలో చుట్టచుట్టిన కాగితాలు. పెద్దాఫీసు పంపగా వచ్చిందట. సముద్రం మీద పరిశోధన చేస్తుందట. సముద్రం గురించి తెలుసుకోవడానికి ఇసుక తప్ప ఏమీ లేని ఊరికి రావడమేమిటని బస్టాండు దగ్గరవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. సాయంత్రానికల్లా ఆమెకి సముద్రమ్మ అని పేరు పెట్టేశారు కూడా. పేర్లు పెట్టడంలో ఆ ఊరికి ఉన్న చురుకు మరి దేంట్లోనూ లేదు.

చినుకమ్మ ఆమెని లోపలికి పిలిచి, కుండలోంచి ఓ చెంబెడు చల్లటి నీళ్ళు ముంచి ఇచ్చింది. ఆమె గటగటా ఓ గుక్క తాగి, రెండో గుక్క నోట్లోనే ఆపేసింది. మింగలేక, ఉమ్మలేక, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఉప్పగా ఉన్నాయేంటండీ ఈ నీళ్ళు!”

“ఉప్పగానా?” చినుకమ్మ చెంబు తీసుకుని తను ఓ గుక్క తాగింది. “నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయమ్మాయ్. మా బావి నీళ్ళే. పుట్టినప్పట్నుంచీ ఇవే తాగుతున్నాం. నీ నోరే చప్పగా ఉన్నట్టుంది.”

సముద్రమ్మ నవ్వేసింది. ఆ నవ్వుతో ఇద్దరికీ చనువు కలిసింది. పెద్దావిడ ‘అమ్మాయ్’ అనీ చిన్నావిడ ‘అక్కా’ అనీ పిలుచుకోవడం మొదలైంది.

ఆ మధ్యాహ్నమే సముద్రమ్మ కాగితాలు విప్పి మంచమంతా పరిచింది. ఎగరకుండా నాలుగు మూలలా చెంబు, తాళంకప్ప, రిజిస్టర్లు పెట్టారు.

“ఇక్కణ్ణుంచి వేల కిలోమీటర్ల అవతల సముద్రంలో ఓ పెద్ద ముక్క ఉందక్కా. అది కొన్నేళ్ళు చల్లగా ఉంటుంది, కొన్నేళ్ళు వెచ్చగా ఉంటుంది. కొన్నేళ్ళంటే ఒకటీ రెండూ కాదు. పాతిక, ముప్ఫై. మళ్ళీ మారుతుంది.”

“ఎంత వెచ్చగా? కాగినట్టా?”

“మామూలు కంటే ఓ అర డిగ్రీ.”

“అర డిగ్రీయా! మా పొయ్యి పక్కన నిలబడు, పది డిగ్రీలు ఊరికే వస్తాయి.”

“ముక్క పెద్దది కదక్కా. ఓ దేశం కంటే పెద్దది. అంత నీళ్ళు అర డిగ్రీ వెచ్చబడితే చాలు, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. వానంతా అక్కడే, సముద్రం మీదే కురిసేస్తుంది. లేచిన గాలి ఎక్కడో ఓ చోట దిగాలిగా? మీ ఊరి మీద దిగుతుంది. దిగే గాలి కింద మబ్బు పెరగదు. నెత్తిన చెయ్యేసి కూర్చోబెట్టినట్టే.”

“అంటే మా వాన తీసుకెళ్ళి సముద్రంలో పోస్తున్నారన్నమాట.”

“అంతే.”

“ఉన్న నీళ్ళు చాలలేదా దానికి?”

అన్నదే గానీ ఆమెకి నవ్వు రాలేదు. ముప్ఫై మూడేళ్ళుగా ఆకాశంకేసి చూస్తూ ఎవరిని తిట్టాలో తెలియక తిరిగిన మనిషికి ఇవాళ ఓ చిరునామా దొరికింది. అది ఎన్నడూ కంటితో చూడని సముద్రం. అక్కడెక్కడో నీళ్ళు గోరువెచ్చగా కదులుతుంటే ఇక్కడ తన జీవితం ఎండిపోయింది. కోపం రావాలి. కోపం రాలేదు, ఆ నీళ్ళని ఒక్కసారి చూడాలనిపించింది.

“సముద్రం వేడి ఎవరు చూశారు ఇన్నేళ్ళూ?”

“ఓడలవాళ్ళు. బకెట్టు దించి నీళ్ళు తోడి, అందులో థర్మామీటరు పెట్టి చూసి పుస్తకాల్లో రాసేవాళ్ళు. రోజూ ఒకే వేళకి. వందేళ్ళ పుస్తకాలున్నాయి.”

“అయితే అక్కడ కూడా నాలాంటివాళ్ళు ఉన్నారన్నమాట,” అంది చినుకమ్మ. ఎందుకో ఆ మాటకి ఆమె ప్రాణం కుదుటపడింది.

సముద్రమ్మ ఓ పొడవాటి కాగితం ముందుకి లాగింది. దానిమీద రెండు గీతలు. ఎర్రది సముద్రం వేడి, నీలిది ఈ ఊరి వాన. డెబ్భై ఏళ్ళవి. ఎరుపు కిందికి దిగిన కాలమంతా నీలం పైన నడిచింది. ఎరుపు పైకి లేవగానే నీలం చతికిలబడింది. చినుకమ్మ వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. ఇక్కడ తను పుట్టింది. ఇక్కడ బడికి పోతూ బురదలో పడింది. ఇక్కడ పద్దెనిమిదేళ్ళు.

“ఇప్పుడు ఇటు చూడండి. ఏడాదిన్నర నుంచి ఆ ముక్క చల్లబడుతోంది. ఈ రెండు గీతలకీ నిజంగా సంబంధం ఉంటే, ఇంకో రెండు మూడేళ్ళలో మీ వాన తిరిగొస్తుంది. వచ్చి మొహం చూపించి పోయే వాన కాదక్కా. మీ చిన్నప్పటి వాన.”

చిన్నప్పటి వాన అన్న మాట విని ఎన్నేళ్ళయిందో! చినుకమ్మ గీత మీంచి వేలు తియ్యకుండానే అడిగింది. “సంబంధం ఉంటే, అంటున్నావు. లేదని ఎవరన్నారు?”

“మీరే అన్నారు,” అంది సముద్రమ్మ, నీలి గీత మీద ఒకచోట పెన్సిలు ఆనించి.

అక్కడ నీలి గీత ఉన్నట్టుండి గూనిలా పైకి లేచింది. మూడేళ్ళు అలాగే ఉండి మళ్ళీ కిందపడింది. సముద్రం బాగా వెచ్చగా ఉన్న కాలం అది. ఒక్క చుక్క కూడా పడకూడని కాలం.

“ఈ మూడేళ్ళే నా కొంప ముంచుతున్నాయి. మా పెద్దాయన ఒప్పుకోవడం లేదు. ‘మంచి ఎండలో మూడేళ్ళు వాన పడిందంటే ఆ ఊరికి నీ సముద్రంతో పనిలేదన్నమాటే, వదిలెయ్’ అంటున్నాడు. ఈ చుట్టుపక్కల డెబ్భై ఏళ్ళు ఒక్క రోజు కూడా మానకుండా కొలిచింది మీ ఒక్క చోటే. మిగతా చోట్ల లెక్కలన్నీ చిల్లులే. మీది కాదంటే నేను అడగడానికి ఇంకెవరూ లేరు. ఆ మూడేళ్ళు నిజంగా వాన పడిందా అక్కా?”

చినుకమ్మ తొణకలేదు. “రిజిస్టర్లో ఉందిగా,” అంది. లేచి వెళ్ళి అక్కర్లేకపోయినా పొయ్యి వెలిగించింది.

ఆ మూడేళ్ళూ వాన పడలేదు. ఆ వాన ఆమె పోసింది.

అప్పుడామెకి ఇరవై ఆరేళ్ళు. తండ్రికి చూపు పూర్తిగా పోయి ఏడాది. ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు పడ్డాయి. బావులు తవ్వే అతనొకడు ఉండేవాడు. వీళ్ళ బావిని రెండుసార్లు లోతు చేసింది అతనే. నవ్వితే బావిలో మాట్లాడినట్టు గొంతు మోగేది. తవ్విన చోటల్లా రాయి తగులుతుంటే అతను కూడా ఓ సాయంత్రం సామాను సర్దుకున్నాడు. “వాన పడ్డాక వస్తాను. అప్పుడు మీ నాన్నగారిని అడుగుతాను,” అన్నాడు గోడ అవతల నిలబడి. ఏం అడుగుతాడో చెప్పనక్కర్లేదు. అతను వెళ్ళాక ఆమె ఇంటి వెనక్కి వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. గుడ్డివాడికి చెవులు ఎక్కువ పనిచేస్తాయన్న సంగతి ఆమెకి అప్పుడు తట్టలేదు.

తండ్రి అప్పటికే తిండి తగ్గించేశాడు. రోజంతా వానమాపకం పక్కన బెంచీ మీద కూర్చునేవాడు. ఎనిమిదిన్నరకి ఆమె మూత తియ్యగానే, “ఎంతమ్మా?” అనేవాడు. “సున్నా నాన్నా.” రాసిన చప్పుడు వినేదాకా కదిలేవాడు కాదు. ఆ ‘ఎంతమ్మా’ రోజురోజుకీ సన్నబడిపోతోంది. ఒకరోజు అసలు వినిపించనంత సన్నగా వచ్చింది. బావుల అతను వెళ్ళిన మరునాడే అది.

ఆ మరుసటి రోజు తెల్లవారకముందే ఆమె లేచి, కుండలోంచి గ్లాసెడు నీళ్ళు ముంచి గరాటులో పోసింది. రెండు బకెట్లు తోడి బెంచీ చుట్టూ చల్లింది, మట్టి వాసన రావాలి కదా. ఎనిమిదిన్నరకి మూత తీసింది.

“ఎంతమ్మా?”

“ఏడు పాయింట్ రెండు నాన్నా! రాత్రి పడింది. నువ్వు నిద్రలో ఉన్నావు.”

తండ్రి చెయ్యి చాచాడు. ఆమె గ్లాసు అందించింది. ఆయన చూపుడువేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. దొరికిపోయాననుకుంది ఆమె. అప్పుడు ఆయన ముఖమంతా విప్పారింది.

“వానే! ముసలి నిద్రమొహాన్ని, గమనించనే లేదు చూడు!”

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఎన్ని నెలలకి నవ్వు వచ్చిందో! ఆ పూట ఇద్దరూ కడుపునిండా తిన్నారు. రిజిస్టర్లో రాయకపోతే ఆయనకి పెన్ను చప్పుడు వినిపించదు, అందుకని రాసింది. రాసింది కనుక కార్డు మీదకి ఎక్కించాల్సి వచ్చింది. కార్డు తీసుకెళ్ళే పోస్టుమాన్ బాబాయి దాన్ని చదివి, బయట దుమ్ము లేస్తున్న వీధిని చూసి, మళ్ళీ కార్డు చూశాడు. “గోడ లోపల మాత్రమే పడిందా తల్లీ?” అన్నాడు. ఇంకో మాట అనకుండా సంచీలో వేసుకున్నాడు.

ఒక్కసారితో ఆగుతాననుకుంది. ఆగలేకపోయింది. తండ్రి నీరసపడ్డప్పుడల్లా వాన పడేది. మూడేళ్ళలో నలభై ఒక్క వానలు. ప్రతిసారీ ఆయన వేలు ముంచేవాడు, నాలుక మీద పెట్టుకునేవాడు, కాసేపు ఊరుకునేవాడు, తర్వాత వెలిగిపోయేవాడు. చివరి వాన ఆయన మంచం పట్టాక. గ్లాసు మంచం దగ్గరికే తెచ్చింది. నాలుక మీద చుక్క పెట్టుకుని ఆయన ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. “ఇంత తియ్యటి వాన నేనెప్పుడూ చూళ్ళేదమ్మా,” అన్నాడు. ఆ వారమే పోయాడు.

ఆ తర్వాత ఆమె ఒక్క తప్పు అంకె కూడా రాయలేదు. ఎప్పుడైనా నాలుగు చినుకులు పడి సీసాలో కాస్త నీళ్ళు చేరినా అందులో వేలు పెట్టలేదు. ఆ గ్లాసుతో అబద్ధమాడిన మనిషికి ఆ ముచ్చట పనికిరాదని తనకి తనే శిక్ష వేసుకుంది. పాత అంకెలు దిద్దుదామని ఎన్నోసార్లు పెన్ను తీసింది. దిద్దితే నాన్న ఆఖరి వానలు కొట్టేసినట్టే. ఈ లోకంలో ఆయన సంతోషానికి మిగిలిన రుజువు ఆ నలభై ఒక్క అంకెలే. పెన్ను మళ్ళీ పెట్టేసేది. బావుల అతను వాన పడ్డాక వస్తానన్నాడు, రాలేదు. అతనికేం తెలుసు, రిజిస్టరు ప్రకారం వాన పడి ఎంతో కాలమైందని.

సముద్రమ్మ రెండో రోజంతా పాత రిజిస్టర్లు తిరగేసింది. ఏదైనా పొరపాటు దొరుకుతుందేమో, దశాంశం చుక్క ఎక్కడైనా తప్పు పడిందేమో అని అంకె అంకె చూసింది. ఆ అంకెలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. అబద్ధాన్ని అంత పొందిగ్గా రాసిన మనిషి వంటగదిలో కూర్చుని ఒకే చెంచా నాలుగుసార్లు తోముతోంది.

సాయంత్రం సముద్రమ్మ కాగితాలు చుట్టచుట్టి సంచీలో పెట్టేసుకుంది. “పొద్దున్న బస్సుకి వెళ్తానక్కా. మీ లెక్క తప్పయ్యుంటే బావుణ్ణని వచ్చాను. ఇంత ఒద్దికగా రాసిన లెక్కని తప్పనడానికి నాకే మనసు రావడం లేదు. నా సముద్రమే తప్పనుకుంటా.”

“అయితే వాన?”

“వాన సంగతి నాకు తెలీదని రాసేస్తాను. రావచ్చు, రాకపోవచ్చు.”

రావచ్చు, రాకపోవచ్చు. చినుకమ్మకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ముప్ఫై మూడేళ్ళుగా ఆమె బతికింది ఆ మాటతోనే. ఇప్పుడు నోరు తెరిస్తే వాన వస్తుందన్న కబురు దక్కుతుంది, నాన్న వాన పోతుంది. నోరు మూసుకుంటే నాన్న వాన ఉంటుంది, వాన కబురు బస్సెక్కి పోతుంది. రెండూ దక్కే దారి లేదు. పని కూడా పోతుందేమో, కానీ దాని గురించి ఆమె అంతగా ఆలోచించలేదు. నాన్న గురించే ఆలోచించింది. ఆయనే ఉంటే ఏమనేవాడు? దొంగ సున్నా అన్న మనిషి, దొంగ వానని ఏమంటాడు?

పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆమె మూత తీసింది. సున్నా. రాసింది. సముద్రమ్మ చెప్పులేసుకుని సంచీ భుజాన తగిలించుకుని వచ్చింది, వెళ్ళొస్తానని చెప్పడానికి.

“కూర్చో అమ్మాయ్,” అంది చినుకమ్మ బెంచీ చూపించి. “ఆ బస్సు పోతే పోనీ.”

నిలబడే చెప్పింది. మొదట మాటలు కూడబలుక్కుని చెప్పింది, తర్వాత గడగడా చెప్పేసింది. బకెట్లు, మట్టి వాసన, పెన్ను చప్పుడు, తండ్రి వేలు ముంచి నాలుక మీద పెట్టుకోవడం, ఆఖరి వాన. బావుల అతని సంగతి మాత్రం దాచుకుంది. ఎవరికైనా ఒకటి ఉండాలి కదా దాచుకోవడానికి.

సముద్రమ్మ కోప్పడలేదు. సంచీ దించి, ఒక ఫారం తీసి ఒళ్ళో పెట్టుకుంది. “కారణం రాయాలక్కా. ఏ నీళ్ళు పోసేవారు?”

“ఇంట్లో కుండలోవే. మేం తాగే నీళ్ళే.”

సముద్రమ్మ పెన్ను ఆగింది. గుమ్మంలోంచి కనిపిస్తున్న కుండ వైపు చూసింది. చినుకమ్మ వైపు చూసింది. తల వంచుకుని ‘చేత్తో పోసిన నీరు, లెక్కలోకి తీసుకోరాదు’ అని రాసింది. ఆ అమ్మాయి కళ్ళు ఎందుకు తడిశాయో చినుకమ్మకి అర్థం కాలేదు. తన మీద జాలి అనుకుంది.

ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని ఎర్ర సిరాతో ఒక్కో అంకె కొట్టేశారు. నలభై ఒక్కటి. ప్రతిదాని పక్కనా చినుకమ్మ సంతకం పెట్టింది. చివరి అంకె దగ్గర చెయ్యి ఆగిపోయింది. సముద్రమ్మ తొందరపెట్టలేదు. గోడ అవతల బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. అప్పుడు కొట్టేసింది.

సముద్రమ్మ మరునాటి బస్సుకి వెళ్ళింది. పెద్దాఫీసు నుంచి మందలింపు కాగితం వచ్చింది, పని మాత్రం పోలేదు. అంత వేళ తప్పకుండా మూత తీసే మనిషి వాళ్ళకి ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ తర్వాత ప్రతి నెలా ఓ ఉత్తరం వచ్చేది. పెద్ద సంగతులేం ఉండేవి కావు. ‘ఇంకో పదోవంతు చల్లబడిందక్కా.’ ‘ఈ నెల అలాగే ఉంది.’ ‘మళ్ళీ కొంచెం దిగింది.’ చినుకమ్మ ఆ ఉత్తరాన్ని బెంచీ మీద కూర్చుని చదువుకుని, మడిచి రిజిస్టర్లో పెట్టుకునేది. ఎప్పుడూ చూడని సముద్రానికి జ్వరం దిగుతోందని ఇక్కడ ఒక మనిషి సంబరపడేది. తండ్రి మీద బెంగ మాత్రం ఎక్కువైంది. ఆయన వానల్ని కొట్టేశాక ఆయన రెండోసారి పోయినట్టుంది.

రెండేళ్ళ మీద నాలుగు నెలలకి ఒకరోజు తెల్లవారుతుండగా వాన మొదలైంది. మొహం చూపించి పోయే వాన కాదు. కూర్చుని కబుర్లు చెప్పే వాన. డాబా మీంచి నీళ్ళు ధారలుగా దూకాయి. ఏడుకి వెలిసింది. ఊరు ఊరంతా ఆ గోడ దగ్గరికి వచ్చేసింది. ఎప్పుడో ఉద్యోగం దిగిపోయిన పోస్టుమాన్ బాబాయి కర్ర పట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు.

“ఎంత తల్లీ?”

“ఎనిమిదిన్నర కాలేదు బాబాయ్.”

“అయ్యో రామా! ఇన్నేళ్ళకి వస్తే దాన్ని వాకిట్లో నిలబెడతావా?”

“నియమం నియమమే.”

ఎనిమిదిన్నరకి ఆమె మూత తీసింది. సీసా బరువుగా ఉంది. గ్లాసులో పోసి, కంటికి సమంగా పట్టుకుని చూసింది. గ్లాసు ఒకసారి నిండింది, రెండోసారి నిండడానికి కాస్తలో ఆగింది.

“పద్దెనిమిది పాయింట్ నాలుగు,” అంది బిగ్గరగా. గోడ అవతల ఈలలు, కేకలు. ఆమె రిజిస్టర్లో రాసింది. పెన్ను కింద పెట్టింది. ఇరవై నాలుగేళ్ళుగా చెయ్యని పని ఇవాళ చెయ్యొచ్చనిపించింది. నిజం చెప్పేసింది కదా. చూపుడువేలు గ్లాసులో ముంచి నాలుక మీద పెట్టుకుంది.

ఏ రుచీ లేదు. చప్పగా ఉంది.

ఒక్క క్షణం చిన్నపిల్లయిపోయింది. ‘అదే వాన రుచి’ అన్న గొంతు చెవిలో వినిపించింది. మరుక్షణం ఇంకోటి తట్టింది. ఇది చప్పగా ఉంది. కుండలో నీళ్ళు ఇలా ఉండవు. చెంబులో నీళ్ళు నోట్లో పోసుకోగానే సముద్రమ్మకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. నాన్న వాన రుచి ముప్ఫై ఏళ్ళు చూసిన మనిషి. ఆ కుండలో నీళ్ళు రోజూ తాగిన మనిషి. ఆయనకి పోయింది చూపు గానీ నాలుక కాదు.

మొదటి రోజే తెలుసు ఆయనకి. వేలు నాలుక మీద పెట్టుకుని అంతసేపు ఊరుకున్నది అందుకే. అంతకు రెండు రోజుల ముందు సాయంత్రం ఇంటి వెనక తన ఏడుపు వినే ఉంటాడు. కూతురికి వాన కావాలి, అంతే అనుకున్నాడు. చూడకుండా సున్నా కూడా రాయనివ్వని మనిషి, తను నవ్వుతుందని నలభై ఒక్కసార్లు ఉప్పునీళ్ళు నాలుక మీద పెట్టుకుని వాన అన్నాడు. ఆ అబద్ధం రిజిస్టర్లో ఎక్కుతున్న చప్పుడు పక్కనే కూర్చుని విన్నాడు. చివరిసారి తియ్యగా ఉందన్నాడు. వాన తియ్యగా ఉండదని తనకి చెప్పింది ఆయనే.

చినుకమ్మ గ్లాసు పట్టుకుని తడి బెంచీ మీద కూలబడింది. చీరంతా తడిసిపోతున్నా లేవలేదు. గోడ అవతల అరుపులు సద్దుమణిగాయి. ఏమైందోనని పోస్టుమాన్ బాబాయి గేటు తోసుకుని లోపలికి వచ్చాడు.

“ఏంటి తల్లీ? కొలత తప్పిందా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. గ్లాసులో ఉన్న నీళ్ళని బెంచీ మీద, తండ్రి కూర్చునే వైపు, నెమ్మదిగా ఒంపింది.

“చప్పగా ఉంది నాన్నా,” అంది. “ఈసారి నిజంగా పడింది.”